నోరు విప్పి లెక్క చేయడం: కేస్ ఇంటర్వ్యూలతో నా అనుభవం

కన్సల్టింగ్ కంపెనీలంటే వేరే కంపెనీల సమస్యలకి సలహా ఇచ్చేవి. ఉద్యోగమిచ్చేముందు అలాంటి సమస్య ఒకటి ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి పరిష్కరించమంటారు, అదే కేస్ ఇంటర్వ్యూ. దాని గురించి సీనియర్లని అడిగితే, ఉద్యోగం వచ్చినవాళ్లు "ఏముంది, మామూలుగా మాట్లాడుకోవడమే" అంటారు. రానివాళ్లు ఆ మాటే ఎత్తరు. ఏ నెలలో ఏం జరుగుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ గుండె జారుతుంది అని వరసగా చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. నాది మొన్న డిసెంబరులోనే అయింది. మర్చిపోకముందే రాసిపెడదామని కూర్చున్నాను. నేను ఐఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ నాలుగో సంవత్సరం. మాది నరసరావుపేట. ఇంటర్ విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. ఈ చివరి ముక్కకి ఈ కథలో పెద్ద పాత్రే ఉంది.

2024 జులై చివరి వారంలో సీనియర్లు ఒక రాత్రి అందర్నీ కూర్చోబెట్టి చెప్పారు: ఆగస్టులో రెజ్యూమె, సెప్టెంబరులో వెరిఫికేషన్, అక్టోబరులో టెస్టులు, నవంబరులో షార్ట్‌లిస్టులు, డిసెంబరు 1న ఇంటర్వ్యూలు. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో కేస్‌బుక్‌ల వరద మొదలైంది. ఐఐటీలు, ఐఐఎంలలో క్లబ్బులవాళ్లు ఏటా తయారుచేసే పీడీఎఫ్‌లవి. ముందు బ్యాచ్‌లో ఎవరిని ఏం అడిగారు, వాళ్లేం చెప్పారు అని సంభాషణలాగా ఉంటుంది. చదువుతుంటే హాయిగానే ఉంటుంది. ప్రశ్న చదివి, కింద జవాబు చదివి, "ఓహో, నేనూ ఇదే అనుకున్నాను" అనుకుంటూ పేజీ తిప్పేయొచ్చు. ఆగస్టు మొత్తం చాలామందికి అలాగే గడిచిపోతుంది.

రెజ్యూమె సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒక్క పేజీ. అందులో ప్రతి లైనుకీ రుజువు కావాలి. రెండో సంవత్సరంలో టెక్ ఫెస్ట్‌కి స్పాన్సర్లని తెచ్చానని రాస్తే, ఎంత తెచ్చానో అప్పటి కోఆర్డినేటర్ మెయిల్ చూపించాలి. ఆయన పాసై వెళ్లిపోయి ఏ దేశంలోనో ఉంటాడు. నా లైన్లలో రెండు రుజువు దొరక్క ఎగిరిపోయాయి. రెండో, మూడో సంవత్సరంలో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఇవాళే ఒక ఫోల్డర్ పెట్టి సర్టిఫికెట్లు, మెయిళ్లు అందులో పడేయండి.

మొదటి మాక్, అంటే ప్రాక్టీసు ఇంటర్వ్యూ, ఆగస్టు మధ్యలో. ఒక సీనియర్ అక్క వీడియో కాల్‌లో ప్రశ్న ఇచ్చింది: "మీ క్లయింట్ ఒక టైర్ల కంపెనీ. రెండేళ్లుగా లాభం తగ్గుతోంది. ఎందుకో కనుక్కో." నేను కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఆదాయం ఇటు, ఖర్చు అటు, ఆదాయం కింద ధర, అమ్మకాలు... చకచకా గీస్తున్నాను. కాసేపటికి అక్క అంది, "ఏమైంది, నెట్ పోయిందా?" లేదక్కా, చేస్తున్నానన్నాను. "నువ్వు చేస్తున్నది నాకెలా తెలుస్తుంది? నేను నీ తల పైభాగం తప్ప ఇంకేమీ చూడట్లేదు."

మన దగ్గర రెసిడెన్షియల్ కాలేజీలో చదివినవాళ్లకి ఇది ఎందుకు కష్టమో వేరే రాష్ట్రాలవాళ్లకి చెప్పినా అర్థం కాదు. స్టడీ అవర్‌లో నోరు తెరిస్తే వార్డెన్ నిలబెట్టేవాడు. బిట్‌కి నిమిషం, నిమిషంన్నర. కాగితం మూలన గీకడం, ఆప్షన్ పెట్టడం, తర్వాత బిట్. ఎలా వచ్చిందని ఎవరూ అడగరు, ఎంత వచ్చిందనే. రెండేళ్లు పొద్దున్నించి రాత్రిదాకా అదే పని చేశాక నిశ్శబ్దంగా, వేగంగా, ఒంటరిగా లెక్క చేయడం ఒంటికి పట్టేస్తుంది. జేఈఈలో మమ్మల్ని గట్టెక్కించింది కూడా అదే. కేస్ ఇంటర్వ్యూకి అది మూడు రకాలుగా అడ్డొస్తుంది. ఒకటి, ఆలోచన పైకి వినిపించాలి. రెండు, ప్రశ్నలో కావలసిన డేటా అంతా ఉండదు, అడిగి తెచ్చుకోవాలి. మూడు, నాలుగు ఆప్షన్లుండవు. నాకు అన్నిటికంటే రెండోది ఎక్కువ సమయం పట్టింది. ప్రశ్న అడగడమంటే తెలియదని ఒప్పుకోవడమనే భయం లోపల ఎక్కడో ఉంటుంది.

సెప్టెంబరులో తోడు దొరికింది. వరంగల్ అమ్మాయి, మెకానికల్, మా హాస్టల్లోనే రెండో అంతస్తు. తనదీ నా రోగమే. రోజూ రాత్రి పదిన్నరకి మెస్ వెనక మెట్ల మీద కూర్చుని ఒకళ్లు అడగడం, ఒకళ్లు చెప్పడం. మొదటి వారం ఇంగ్లిష్‌లోనే చేశాం. ఆలోచన తడబడుతోందా, భాష తడబడుతోందా అన్నది ఇద్దరికీ అంతుపట్టలేదు. ఒక రాత్రి విసుగొచ్చి తనే, "ఏయ్, తెలుగులో చెప్పవే, ఎవడు వింటున్నాడు ఇక్కడ" అంది. తెలుగులో చెబుతుంటే ఎక్కడ తెగిపోతోందో స్పష్టంగా తెలిసింది. ఖర్చుల్ని ముక్కలు చేసేటప్పుడు బాగానే ఉంది. "కాబట్టి ఇప్పుడు నేను ఇటువైపు వెళ్తాను, ఎందుకంటే" అనే మాట మాత్రం ఏ భాషలోనూ రావడం లేదు. అక్కణ్ణించి ఒక పద్ధతి పెట్టుకున్నాం: ముందు తెలుగులో, అదే కేస్ మర్నాడు ఇంగ్లిష్‌లో. ఇది నాకు ఏ సీనియరూ చెప్పలేదు. పనిచేసింది.

దసరా సెలవులకి ఇంటికి వెళ్లలేదు. అప్పటికి ఇంకో జబ్బు పట్టుకుంది. చాలా కేసులు చేసేసరికి "లాభం" అనే మాట వినగానే చేయి దానంతటదే ఆదాయం, ఖర్చు కొమ్మలుగా చెట్టు బొమ్మ గీసేస్తుంది. ఎదుటివాళ్లు వాక్యం పూర్తిచేయకముందే కొమ్మలు సిద్ధం. వరంగల్ అమ్మాయికి ఇది నచ్చలేదు. మా నాన్న గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో గుమస్తా అని తనకి తెలుసు. వాళ్లకీ ఏనుమాముల మార్కెట్ ఉంది కాబట్టి మిర్చి సంగతులు తనకీ కొత్త కాదు. "నీ క్లయింట్ గుంటూరు కోల్డ్ స్టోరేజీ ఓనరు. కిందటేడాది కంటే లాభం సగమైంది. చెప్పు" అంది.

నేను చెట్టు గీశాను. ఆదాయం అంటే బస్తాల సంఖ్య ఇంటూ బస్తాకి అద్దె. ఖర్చు అంటే కరెంటు, కూలీలు, మరమ్మతులు, వడ్డీ. తను విని, "అంతా కరెక్టే. ఇందులో కోల్డ్ స్టోరేజీ ఎక్కడుంది? దీన్నే హోటల్‌కి చెప్పినా సరిపోతుంది కదా" అంది. కోపమొచ్చింది గానీ నిజం.

మర్నాడు నాన్నకి ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాను.

"ఏందమ్మా, మా షావుకారు లాభాలతో నీకేం పని?"

"పరీక్షకి నాన్నా. చెప్పు."

"ఏ సంవత్సరం సంగతి? మిర్చి రేటు ఎట్టుంది ఆ ఏడు?"

అంతే. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాటే ప్రశ్న. నేనేమో నా మెట్ల మీద రేటు సంగతే అడగలేదు. ఆయన చెప్పింది ఇది: రేటు బాగుంటే రైతు ఫిబ్రవరి, మార్చిల్లో కాయ నేరుగా యార్డుకే తోలి అమ్ముకుంటాడు, స్టోరేజీకి టిక్కీలు (మిర్చి బస్తాలు) రావు, గదులు ఖాళీ. రేటు పడిపోతే అందరూ తెచ్చి పెడతారు, గదులు నిండుతాయి, కానీ ఎవరూ తీయరు. అద్దె సీజన్ లెక్కన టిక్కీకింత అని ఉంటుంది కాబట్టి మూడు నెలలున్నా, ఎనిమిది నెలలున్నా వచ్చేది అంతే. కరెంటు మాత్రం నెలనెలా. రెండో ఏడు పంట వచ్చేసరికి పాత సరుకు కదలకపోతే కొత్త సరుక్కి చోటుండదు. పైగా సరుకు తెప్పించుకోవడానికి రైతులకిచ్చిన అడ్వాన్సుల మీద వడ్డీ. "రేటు మరీ పెరిగినా కష్టమే, మరీ పడినా కష్టమే. మధ్యలో ఉంటే షావుకారుకి బాగుంటది" అని ముగించి, "తిన్నావా" అని అడిగాడు.

నాకు వచ్చిన ఏ కేస్‌బుక్‌లోనూ ఇంత మంచి కేసు లేదు. ఆ తర్వాత చేయాల్సింది ఒకటే అని ఇద్దరం తేల్చుకున్నాం: కాగితం మీద గీత పడకముందు, ఈ వ్యాపారంలో డబ్బు ఎప్పుడొస్తుంది, ఎవరిస్తారు, ఎవరి నిర్ణయం మీద ఆధారపడుతుంది అని అడగాలి. కేసుల సంఖ్య తగ్గించేశాం. ఖాళీ దొరికితే క్యాంపస్‌లో జిరాక్స్ కొట్టతన్ని, నైట్ క్యాంటీన్ ఓనర్ని, లాండ్రీ అన్నని పట్టుకుని వాళ్ల లెక్కలు అడిగేవాళ్లం. లాండ్రీ అన్న మొదట ఇన్‌కమ్ టాక్స్‌వాళ్లకి చెబుతామేమోనని అనుమానపడ్డాడు. తర్వాత మిషన్ కిస్తీతో సహా చెప్పాడు.

ఖర్చుల మాట. డబ్బు తీసుకుని మాక్ ఇంటర్వ్యూలు చేసేవాళ్లు లింక్డిన్ నిండా ఉన్నారు. నన్ను గంటకి నాలుగు వేలు, ఐదు వేలు అడిగారు. ప్యాకేజీ అయితే ముప్పై వేలు దాటింది. నేను ఒక్క గంటకి కట్టాను. ఆయన చెప్పిన లోపాలు నిజమే, కానీ అవే లోపాలు మెట్ల మీద అమ్మాయి ఉచితంగా, ఇంకాస్త కటువుగా చెప్పింది. దగ్గర్లో నిర్మొహమాటంగా ఆపేవాళ్లు లేకపోతేనే ఆ ఖర్చు ఆలోచించండి. బ్లేజర్, ప్యాంటు, రెండు చొక్కాలు, బూట్లు కలిపి ఎనిమిది వేల దాకా అయ్యాయి. అబ్బాయిలు సీనియర్ల సూట్లు అడిగి వేసుకుంటారు, అమ్మాయిలకి అంత సులువుగా కొలతలు కలవవు. నవంబరులో క్యాంపస్ బయట టైలర్లందరూ బిజీ. అక్టోబరులోనే ఇచ్చేయండి. బూట్లు కొన్న రోజునుంచి రోజూ ఓ గంట వేసుకు తిరగండి, డిసెంబరు 1న కొత్త బూట్లతో మెట్లెక్కి దిగడం నరకం. ఇవి కాక తెల్ల కాగితాల బండిల్ ఒకటి, రాత్రి టీలు.

అక్టోబరులో టెస్టులు. ఒక్కో కంపెనీది ఒక్కో రకం. మెకిన్సే అనే కన్సల్టింగ్ కంపెనీది సాల్వ్ అని ఒక గేమ్. అప్పట్లో అందులో ఏ జంతువు ఏ మొక్కని తింటుందో చూసుకుంటూ, ఎవరూ ఆకలితో చావకుండా ఒక జీవావరణం కట్టాల్సి ఉండేది. బీసీజీ అనే ఇంకో కన్సల్టింగ్ కంపెనీకి కేసీ అని చాట్‌బాట్ ఉంది, అందులో కేసంతా చాట్‌లోనే నడుస్తుంది. రెజిడెన్షియల్ కాలేజీ చదువు ఈ టెస్టుల దగ్గర అక్కరకొస్తుంది. వేగం, కూడికలు, శాతాలు మనకి నీళ్లు తాగినంత సులువు. ఏడో వంతు అంటే 14.28 శాతం, ఆరో వంతు 16.67 అని నాలిక మీద ఉంటాయి. ఇబ్బంది పెట్టేది మిలియన్లు, బిలియన్లు. విదేశీ క్లయింట్ కేసు వస్తే లెక్క డాలర్లలో, మిలియన్లలో ఉంటుంది. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు అని తెలిసినా, ఒత్తిడిలో సున్నాలు జారిపోతాయి. చివరి రెండు వారాలు నేను మిలియన్లలోనే కూడికలు చేశాను.

టెస్టులయ్యాక నాలుగు వారాలు ఎవరూ ఏమీ చెప్పరు. ఆ నాలుగు వారాలే నాకు అన్నిటికంటే భారంగా గడిచాయి. దీపావళి అక్టోబరు 31న హాస్టల్లోనే. షార్ట్‌లిస్టులు పగటిపూట రావు. అర్ధరాత్రి దగ్గర పడుతుంటే ప్లేస్‌మెంట్ పోర్టల్లో ఒక పీడీఎఫ్ పడుతుంది, కారిడార్ అంతా ఒక్కసారిగా తలుపులు తెరుచుకుంటాయి. నవంబరు మొదటి వారంలో మూడు రాత్రులు అలా జరిగింది. మొదటి జాబితాలో వరంగల్ అమ్మాయి పేరుంది, నాది లేదు. తను నా గదికి రాలేదు, నేనూ వెళ్లలేదు. మర్నాడు రాత్రి పదిన్నరకి మాత్రం ఇద్దరం మెట్ల దగ్గరికి వచ్చాం, ఆ విషయం ఎత్తకుండా కేస్ మొదలుపెట్టాం. తర్వాతి జాబితాల్లో నాకు రెండు కంపెనీలు వచ్చాయి. ఒకటి నాకు బాగా కావాలనుకున్నది, ఇంకొకటి పేరు కాస్త తక్కువ వినిపించేది.

షార్ట్‌లిస్టు వచ్చిన రెండో రోజునుంచి బడ్డీల ఫోన్లు. ఇది చాలామందికి తెలియదు: కంపెనీవాళ్లే తమ ఉద్యోగి ఒకర్ని మనకి అప్పగిస్తారు. మన క్యాంపస్‌లోనే చదివి ఏడాదో రెండేళ్లో అయినవాళ్లు. మనతో ప్రాక్టీసు కేసులు చేయిస్తారు. వాళ్ల పని అయ్యేసరికి రాత్రి పదకొండు. ఒకాయన ఎప్పుడూ క్యాబ్‌లోంచే మాట్లాడేవాడు, మధ్యలో డ్రైవర్‌కి దారి చెబుతూ. ఈ ఫోన్లకి మార్కులుండవని అందరూ అంటారు. నేను ఉంటాయనుకునే మాట్లాడాను. అలా అనుకోవడమే క్షేమం. పైగా నవంబరు రెండో సగంలో సెమిస్టర్ పరీక్షలు. పొద్దున హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్ష రాసి, రాత్రి బీమా కంపెనీ కేసు చెప్పడం.

ఆ క్యాబ్ బడ్డీ నా రెజ్యూమెలో విజయవాడ చూసి గెస్టిమేట్, అంటే అంకెలు ఊహించుకుని అంచనా కట్టే ప్రశ్న, ఇచ్చాడు: విజయవాడ రైల్వే స్టేషన్‌లో రోజుకి ఎన్ని కప్పుల టీ అమ్ముడుపోతుంది? నేను ప్రయాణికుల సంఖ్య నుంచి మొదలుపెట్టాను. ఆయన ఆపాడు. "తాగాలని ఉన్నవాళ్లందరికీ దొరుకుతుందా? రైలు పది నిమిషాలు ఆగితే ఒక స్టాల్ ఎంతమందికి పోయగలదు?" అప్పుడు స్టాల్ వైపు నుంచి చేశాం. పది ప్లాట్‌ఫారాలు, ఒక్కోదాని మీద నాలుగు స్టాళ్లనుకుంటే 40. రోజులో రద్దీ 8 గంటలు, గంటకి 100 కప్పులు. మామూలు 10 గంటలు, గంటకి 30. అర్ధరాత్రి 6 గంటలు, గంటకి 10. స్టాల్‌కి 800, 300, 60 కలిపి 1,160. నలభై స్టాళ్లకి 46,400. క్యాన్‌తో రైలెక్కే టీ వాళ్లని వదిలేస్తున్నానని ముందే చెప్పాను. తర్వాత అటువైపు నుంచి సరిచూశాం: రోజుకి లక్షమంది అనుకుని, పదిమందిలో నలుగురు తాగితే 40,000. రెండూ దగ్గరగానే ఉన్నాయి. నేను ఊపిరి పీల్చుకునేలోపు, "నీ అంచనాల్లో ఏది తప్పయితే జవాబు ఎక్కువ మారుతుంది?" అని అడిగాడు. స్టాల్ అమ్మే 1,160లో 800 రద్దీ గంటలదే, కాబట్టి ఆ గంటకి 100 అన్నదే అసలు ప్రాణం. అదొక్కటి స్టేషన్‌లో నిలబడి చూసి వస్తే చాలు, మిగతా గంటల లెక్కలు కాస్త తేడా అయినా ఫర్వాలేదు. జవాబు కంటే ఈ చివరి ప్రశ్నకే ఎక్కువ విలువ ఉందని నాకు ఆ రాత్రి అర్థమైంది. అప్పణ్ణించి అడక్కముందే చెప్పేయడం మొదలుపెట్టాను.

డిసెంబరు 1 ఆదివారం. పొద్దున 7కి రిపోర్టింగ్. లెక్చర్ హాళ్లలో కంపెనీలు, కారిడార్లలో మేం, మమ్మల్ని గది నుంచి గదికి తీసుకెళ్లడానికి జూనియర్ వాలంటీర్లు. నాకు కేటాయించిన కుర్రాడు రెండో సంవత్సరం. నా కంటే వాడికే ఎక్కువ కంగారు. చేతిలో నీళ్ల సీసా, గ్లూకోజ్ బిస్కెట్లు పట్టుకుని "అక్కా, తినండక్కా" అంటూ వెంట తిరిగాడు.

మొదటిది నేను బాగా కావాలనుకున్న కంపెనీ. మొదటి రౌండ్ కేసు లాభాల గురించి కాదు. ఒక విమానాశ్రయంలో లగేజీ బెల్టు మీదికి రావడానికి ఆలస్యమవుతోంది, ఏం చేయాలి. విమానం ఆగిన క్షణం నుంచి బెల్టు దాకా ఒక్కో మెట్టూ చెప్పుకుంటూ వెళ్లాను, ఎక్కడ ఎంత సమయమో అడిగాను, బాగానే సాగింది. రెండో రౌండ్‌లో పార్టనర్, అంటే కంపెనీ పెద్దల్లో ఒకాయన. ఆయన కేసు ఇవ్వలేదు. కెమికల్ ఇంజనీర్‌వి, రిఫైనరీకి పోకుండా ఇటెందుకు అని అడిగి, నా జవాబు వింటూ నా రెజ్యూమె వెనకవైపు ఏదో రాసుకున్నాడు. తర్వాత కారిడార్‌లో గంటన్నర. లోపలికి పిలిచినవాళ్లని మళ్లీ పిలుస్తున్నారు, నన్ను పిలవడం లేదు. చివరికి కోఆర్డినేటర్ వచ్చి మెల్లగా, "మీరు తర్వాతి కంపెనీకి వెళ్లొచ్చు" అన్నాడు. ఎందుకు కాలేదో ఎవరూ చెప్పరు, అడగడానికీ ఎవరూ ఉండరు. బాత్రూంలో పది నిమిషాలు ఉండి, ముఖం కడుక్కుని వచ్చాను. కుర్రాడు బిస్కెట్ ప్యాకెట్ మళ్లీ తెరిచాడు.

మధ్యాహ్నం రెండో కంపెనీ. ఇంటర్వ్యూ చేసింది ఒకావిడ. క్లయింటు రక్తపరీక్షల ల్యాబుల సంస్థ. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునే సర్వీసు మొదలుపెట్టారు, ఏడాదిలో ఆర్డర్లు రెట్టింపయ్యాయి, కానీ ఆ విభాగంలో లాభం పడిపోయింది. నాన్న గొంతు గుర్తొచ్చింది. గీత గీయకుండా అడిగాను: ఆర్డర్‌కి బిల్లు ఎంత, అప్పుడెంత, ఇప్పుడెంత? అప్పుడు 800, ఇప్పుడు 450 అన్నారు. ఇంటికొచ్చే మనిషికి రోజుకి ఎంత ఖర్చు, ఎన్ని ఇళ్లు తిరుగుతాడు? పెట్రోలుతో సహా 1,000, పది ఇళ్లు. అంటే ఇంటికి 100. పరీక్ష ఖర్చులన్నీ పోను బిల్లులో 25 శాతం మిగులుతుందన్నారు. అప్పట్లో 800కి 200 మిగిలి, 100 పోతే 100. ఇప్పుడు 450కి 112.50, అందులో 100 పోతే 12.50. రోజుకి 1,000 ఇళ్లున్నప్పుడు లక్ష రూపాయలొచ్చేది, 2,000 ఇళ్లయ్యాక 25,000 వస్తోంది. ఇదంతా పైకి చెబుతూ, కాగితం ఆమె వైపు తిప్పి రాస్తూ చేశాను.

ఏం చేయమంటావు అని అడిగింది ఆమె. కనీస బిల్లు పెట్టడం, తక్కువ బిల్లు అయితే విజిట్ చార్జీ వేయడం అన్నాను. మనిషి పదికి బదులు పదిహేను ఇళ్లు తిరిగితే ఇంటికి ఖర్చు 67కి దిగుతుంది కూడా అన్నాను. తిరగొచ్చుగా, ఎందుకు తిరగట్లేదు అంది. మా నాయనమ్మకి షుగర్. పరగడుపున ఇవ్వాలి కాబట్టి శాంపిల్ అబ్బాయి ఏడున్నరకల్లా రాకపోతే టీ తాగకుండా ఇల్లు పీకి పందిరేస్తుంది. అదే చెప్పాను: పరగడుపు పరీక్షలన్నీ పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపలే, మిగతా రోజంతా ఆ మనిషి ఖాళీ. పరగడుపు అక్కర్లేని పరీక్షలకి మధ్యాహ్నం తగ్గింపు ఇచ్చి అటు నెట్టొచ్చు, పొద్దునపూట ఒక వీధిలోవాళ్లకి ఒకే రోజు ఇవ్వొచ్చు. ఆమె నవ్వింది. లేచేటప్పుడు నా కాగితాలు ఆమే తీసుకుంది. రఫ్ పేజీలు కూడా. మనం గీసిందంతా వాళ్ల దగ్గరే ఉండిపోతుంది కాబట్టి చదవగలిగేలా రాయడం మంచిది.

తర్వాత ఇంకో రౌండ్, అందులో ఇరవై నిమిషాలు చిన్న కేసు, పది నిమిషాలు మాటలు. చివర్లో "ఇంకెక్కడ షార్ట్‌లిస్టయ్యావు? మేమిస్తే వస్తావా?" అని అడిగారు. వస్తానన్నాను. క్యాంపస్‌లో ఈ ప్రశ్నకి చెప్పే జవాబు మీద చాలా ఆధారపడుతుంది. వస్తానో రానో అని నసిగితే ఉద్యోగం జాబితాలో తర్వాతివాళ్లకి వెళ్లిపోతుంది.

సాయంత్రం ఆరు దాటాక గదిలోకి పిలిచి చేయి కలిపారు. ఒకరికి ఒక ఉద్యోగమే నియమం కాబట్టి ఆ నిమిషం నుంచి మిగతా జాబితాలన్నిట్లోంచీ నా పేరు కొట్టేశారు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా తల్లీ" అంది. నాన్న ఫోన్ లాక్కుని, "నన్నడిగిన లెక్క వచ్చిందా" అన్నాడు. వరంగల్ అమ్మాయికి ఆ రోజు రాలేదు. డిసెంబరు 3న ఒక బ్యాంకు అనలిటిక్స్ విభాగంలో వచ్చింది. తన కేస్ నా కంటే బాగుంటుందని ఇప్పటికీ అంటాను. తను ఊరుకోమంటుంది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి ఆఫర్ లెటర్ వచ్చింది. క్యాంపస్‌లో అందరూ చెప్పుకునే పెద్ద అంకె ఒకటి, నెలనెలా ఖాతాలో పడేది ఇంకొకటి. అందులో జాయినింగ్ బోనస్ ఉంది. ఏడాదిలోపు మానేస్తే వెనక్కివ్వాలి. వేరియబుల్ పే ఉంది, అది పనితీరు బట్టి ఏడాది చివర్లో. పీఎఫ్, గ్రాట్యుటీ కూడా ఆ అంకెలోనే కలిపేశారు. ఇవన్నీ తీసేస్తే ఎంతో ఇంట్లో చెప్పడానికి కూర్చుని మళ్లీ ఒక కాగితం వాడాను.

దాని వెనకే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మెయిల్. పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లింది. ఇవి ముగ్గురు మనుషులవా, ఒక్కరివా అని అడిగారు. మన తెలుగువాళ్లలో సగం మందికి ఈ తంటా ఉంటుంది, షార్ట్‌లిస్టు కోసం ఎదురుచూసే ఆ నాలుగు వారాల్లో ఆధార్ సరిచేయించుకోండి. నేను నరసరావుపేటలో నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, స్కాన్ తీసి పంపాను. "అందింది, పరిశీలిస్తున్నాం" అని జవాబొచ్చింది. ఇది రాసేనాటికి ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.